గాలిని తూచిన వైద్యుడు - జోసెఫ్ బ్లాకు

తెనుగునాట సున్నము లేని యిల్లు లేదు. పండుగకు ముందు గోడలకు వెల్లవేయ సున్నము కావలెను. భోజనానంతరము తాంబూలమునకు సున్నము కావలెను. ఓరుగల్లు ప్రాంతపు పాత గడీల గోడలు డంగు సున్నపు బలముననే తరతరములు నిలిచినవి. వెల్లకై తొట్టిలో తడిపిన సున్నము రాత్రికి అడుగున పేరుకొనగా పైన తేటనీరు నిలుచును. తెల్లవారునప్పటికి ఆ తేటపై పలుచని మీగడవంటి పొర కట్టును. ఆ పొరను వ్రేలితో ప్రక్కకు త్రోసి పని సాగించుకొన్నవారు కోట్లకొలది కలరు. అది యెచ్చటినుండి వచ్చెనని ప్రశ్నించినవారు అరుదు. ప్రశ్నించి, త్రాసు చేతబట్టి, లెక్క తేల్చి, లోకమునకు సమాధానము చెప్పిన మహనీయుడు జోసెఫ్ బ్లాకు. అతడు రాజు గాడు, యోధుడు గాడు. ఆ పని చేయునాటికి ఇరువదియారేండ్ల వైద్యవిద్యార్థి మాత్రమే.

బాల్యము - విద్యాభ్యాసము

ఓరుగల్లుకు వేల మైళ్ళ దూరమున, ఫ్రాన్సు దేశమునందలి బోర్డో నగరములో 1728వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన బ్లాకు జన్మించెను. ఆ నగరము ద్రాక్షసారాయమునకు ప్రసిద్ధి. తండ్రి జాన్ బ్లాకు స్కాట్లాండు వంశమువాడు, ఐర్లండులోని బెల్‌ఫాస్టు పురమున పుట్టినవాడు. సారాయపు వర్తకము నిమిత్తము బోర్డోలో కాపురముండెను. తల్లి స్కాట్లాండు దేశపు గోర్డను కుటుంబపు ఆడపడుచు. పెద్ద సంసారము. బిడ్డలందరికిని అక్షరములు దిద్దించి చదువు నేర్పిన తొలిగురువు ఆ తల్లియే. పండ్రెండవ యేట బాలుని బెల్‌ఫాస్టు పాఠశాలకు పంపిరి. అచ్చటి చదువు ముగిసిన పిమ్మట అతడు స్కాట్లాండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

ఏదేని వృత్తివిద్య నభ్యసింపుమని తండ్రి కోరగా బ్లాకు వైద్యమును ఎన్నుకొనెను. అచ్చట అతనికి విలియం కల్లెన్ అను గురువు లభించెను. ఆ కాలమున రసాయనవిద్య మందులు నూరువారికిని, లోహములు కరగించువారికిని పనికివచ్చు చేతిపనిగా మాత్రమే చూడబడుచుండెను. దానిని శాస్త్రముగా బోధింప బూనినవాడు కల్లెన్. 1747లో ఆయన గ్లాస్గోలో రసాయనశాస్త్ర బోధన ఆరంభించెను. బ్లాకు మూడేండ్లు ఆయనకు ప్రయోగములలో సహాయకుడుగా నుండెను. శిష్యుని చేతి నేర్పును, నిదానమును చూచి గురువు అతనిని తోడివానివలె ఆదరించెను. వైద్యవిద్య పూర్తిచేయుటకై 1752లో బ్లాకు ఎడింబరో నగరమునకు తరలెను.

ఇద్దరు గురువుల వివాదము

ఆ దినములలో మూత్రాశయమునందు రాయి పెరుగు వ్యాధి ఐరోపా ఖండమున ప్రబలముగా నుండెను. మత్తుమందు లేని కాలమగుటచే శస్త్రచికిత్స నరకయాతనగా నుండెడిది. రాతిని కరగించు మందుకై ప్రజలు పరితపించుచుండిరి. జొవానా స్టీఫెన్సు అను స్త్రీ తనయొద్ద అట్టి మందు కలదని చెప్పగా, ఆ రహస్యమును వెల్లడించుటకై బ్రిటిషు పార్లమెంటు 1739లో ఆమెకు 5000 పౌనులు బహుమానముగా మంజూరు చేసెను. తీరా చూడగా అందు ముఖ్యమైనవి గ్రుడ్డుపెంకుల సున్నమును, నత్తలును, సబ్బును. అప్పటినుండి సున్నపు తేట ఆ వ్యాధికి ఔషధముగా ప్రచారము పొందెను.

అయితే ఏ సున్నము మేలైనది? ఎడింబరోలో రాబర్టు విట్, చార్లెస్ ఆల్‌స్టన్ అను ఇరువురు ఆచార్యులు ఈ విషయమున పోరాడుచుండిరి. ఒకరు గుల్లసున్నము శ్రేష్ఠమనిరి, మరియొకరు రాతిసున్నము శ్రేష్ఠమనిరి. వారిరువురును బ్లాకునకు గురుస్థానమున నున్నవారే, అతని పట్టమునకు అధికారులే. ఒకరి పక్షము వహించిన మరొకరికి కోపము వచ్చును. స్వభావముచే మెత్తనివాడగు బ్లాకు, సున్నమును విడిచి తెల్ల మెగ్నీషియా అను మరియొక పొడిని తన వ్యాసమునకు విషయముగా గ్రహించెను. రాతిని కరగించు సౌమ్యమైన మందు అందు దొరకునేమోయని అతని ఆశ. ఆ ఆశ ఫలింపలేదు. ఔషధమును వెదకబోయినవానికి ఒక వాయువు దొరకెను.

మెగ్నీషియాను కొలిమిలో కాల్చగా దాని బరువులో సగమునకు పైగా తరిగిపోయెను. ఆవిరిని పట్టి చల్లార్చగా కొద్దిపాటి నీరు మాత్రమే దొరకెను. మిగిలిన బరువు ఏమైనది? కాల్చకముందు ఆ పొడి పులుసునీటిలో బుసబుస పొంగెడిది. కాల్చిన పిదప పొంగులేదు. కావున పోయిన బరువును, పొంగును ఒకటేయని, అది పొడిలో బంధింపబడియున్న ఒక గాలియని అతడు నిశ్చయించెను. 1754వ సంవత్సరము జూను నెలలో ఈ విషయముపై వ్యాసము సమర్పించి వైద్యపట్టము పొందెను. తరువాత, తాను తప్పించుకొనిన సున్నమునకే తిరిగివచ్చెను.

సున్నపు పద్దు

సున్నపురాయి మెత్తని స్వభావము కలది, నాలుకను కాల్చదు. బట్టీలో కాల్చిన తరువాత అదియే ఒడలు కాల్చు తీక్ష్ణద్రవ్యమగును. ఆ మంట యెచ్చటినుండి వచ్చినది? బట్టీలోని అగ్నికణములు రాతిలో జొచ్చి నిలుచునని పూర్వులు తలంచిరి. వినుటకు సమంజసముగనే యుండును. కాని అగ్ని లోనికి జొచ్చినచో బరువు పెరుగవలెను గదా! కాల్చినరాయి పచ్చిరాతికంటె తేలికయని బట్టీవాడు ప్రతిదినము చూచుచునే యుండెను. జమ చేరినదని చెప్పుచుండగా పద్దులో తరుగు కనుపించుచుండెను. ఈ తేడాను విడిచిపెట్టక పట్టుకొనినవాడు బ్లాకు.

అతడు 120 గ్రెయినుల సుద్దను తీసికొనెను. అనగా తులములో మూడింట రెండు వంతులు. దానిని బాగుగా కాల్చగా 68 గ్రెయినుల సున్నము మిగిలెను. ఖర్చు 52 గ్రెయినులు. ఆ సున్నమును చూర్ణించి, బూడిదనుండి తీయు సౌమ్యక్షారమును కరగించిన నీటిలో వేసెను. కొంతసేపటికి పొడిని కడిగి ఆరబెట్టి తూచగా 118 గ్రెయినులు తూగెను. రెండు గ్రెయినులు తక్కువగా, పోయిన బరువంతయు తిరిగివచ్చెను. ఆ పొడి మంట మాని మునుపటివలె సుద్దయై పులుసులో పొంగెను. మరి క్షారము సంగతి? అది సౌమ్యతను కోలుపోయి తీక్ష్ణక్షారమయ్యెను. ఒకరి ఖాతాలోని ఖర్చు మరియొకరి ఖాతాలో జమయైనట్లు, క్షారములోని గాలి సున్నమునకు చేరినది. అగ్ని ప్రవేశించుటచే సున్నము తీక్ష్ణమగుట లేదు. గాలి తొలగిపోవుటచే దాని సహజమైన తీక్ష్ణత బయటపడుచున్నది.

కాల్చిన శంఖములు, ముత్యపుచిప్పలు మున్నగువానిని క్షారోదకములో చేర్చి తీక్ష్ణక్షారమును సిద్ధముచేసి ఇనుపపాత్రలో భద్రపరచు విధానము సుశ్రుతసంహితలో వివరముగా కలదు. ప్రాచీన భారతవైద్యులకు ఆ పని చక్కగా తెలియును. ఆ పనిలో చేతులు మారుచున్నదేమో తూచి చూపుట బ్లాకు చేసిన క్రొత్తపని.

ఈ గాలికి అతడు బద్ధవాయువు అను అర్థమిచ్చు పేరు వాడెను. అంతకుముందు 1727లో స్టీఫెన్ హేల్సు అను ఆంగ్లేయుడు వస్తువులలో గాలి బంధింపబడియుండునని వ్రాసియుండెను. కాని ఆ గాలి సాధారణపు గాలికంటె వేరని, తనకు తానుగ ఒక ప్రత్యేక పదార్థమని బ్లాకు నిరూపించెను. అదియే తెనుగున బొగ్గుపులుసు గాలియని పూర్వులు వ్రాసిన కార్బన్ డయాక్సైడు. ఈ ప్రయోగములను అతడు 1755 జూనులో ఎడింబరో తత్త్వసభయందు చదివి వినిపించెను. 1756లో అవి అచ్చుపడెను.

తొట్టిలోని సున్నపు తేటపై పొర కట్టు రహస్యము దీనితో విడిపోయెను. బయటిగాలిలో కొంచెము బద్ధవాయువు ఎల్లప్పుడు ఉండును. తేటలో కరగియున్న సున్నము దానిని పట్టుకొని, నీటిలో కరగని సుద్దగా మారి, పొరగా తేలును. నేటి లెక్క ఇది: తేటలోని సున్నము 74 పాళ్ళు, బద్ధవాయువు 44 పాళ్ళు కూడినచో సుద్ద 100 పాళ్ళు, నీరు 18 పాళ్ళు ఏర్పడును. రెండు ప్రక్కల మొత్తము 118. గోడపై వేసిన వెల్ల ఆరిన కొలది తెల్లబడి గట్టిపడుటయు, డంగు సున్నపు గోడ యేండ్లు గడచిన కొలది రాయియగుటయు ఈ మార్పువలననే. బట్టీలో రాయి విడిచిన గాలిని గోడ మెల్లమెల్లగా తిరిగి గ్రహించి మరల రాయియగుచున్నది. ఆ గాలిని తేటలోనికి ఇంకను ఎక్కువగా పంపినచో తెల్లదనము పోయి నీరు మరల తేరుకొనును. సుద్ద కరగు ఉప్పుగా మారుటయే దానికి కారణము. ఆ నీటిని కాచినచో గాలి విడిపోయి సుద్ద మరల కనుపించును.

ఊపిరికి సాక్షి

1756లో కల్లెన్ ఎడింబరోకు వెళ్ళగా, గ్లాస్గోలో ఆ గురువు స్థానమున బ్లాకు ఆచార్యుడయ్యెను. సున్నపు తేట ఇప్పుడతనికి కంటికి కనబడని గాలిని పట్టించు సాక్షియైనది. గొట్టముతో తేటలోనికి ఊపిరి ఊదగా అది పాలవలె తెల్లనయ్యెను. మండుచున్న బొగ్గునుండి వచ్చు గాలియు, సారాయపు పులియబెట్టు తొట్లపై నిలుచు గాలియు అట్లే చేసెను. మనుష్యుని శ్వాసము, బొగ్గు మంట, కల్లు పొంగు, సున్నపురాయి, ఈ నాలుగింటిలోను ఉన్నది ఒకే వాయువు! ఒకదానితో నొకటి పొత్తులేనట్లు కనబడు వస్తువులను ఒక దారమున గ్రుచ్చిన ఘనత ఆ తేటనీటిది. 1764-65 చలికాలమున గ్లాస్గోలోని ఒక దేవాలయమున 1500 మంది ఇంచుమించు పదిగంటలు కూడియుండగా, ఆ మందిరపు పైకప్పున గాలిపోవు ద్వారమువద్ద గుడ్డలపై సున్నపు తేట బొట్టుబొట్టుగా పడునట్లు బ్లాకు ఏర్పాటు చేసెను. జనుల ఊపిరి తగిలి ఆ గుడ్డలపై సుద్ద పేరుకొనెను.

ఆ వాయువులో దీపము ఆరిపోవుననియు, ప్రాణులు చచ్చుననియు అతడు చూచెను. ఈ సంగతి పల్లెవారికి ప్రాణావసరము. చిరకాలము మూసియుంచిన ధాన్యపు పాతరలోను, పాడుపడిన లోతుబావిలోను ఈ గాలి అడుగున పేరుకొనును. అది సాధారణపు గాలికంటె బరువు. గింజలు సైతము శ్వాసించి ప్రాణవాయువును హరించి దీనిని విడుచును. పాతర తెరచిన వెంటనే దిగి కుప్పకూలినవారును, వారిని లేవనెత్తబోయి వెంట పడినవారును ఎందరో కలరు. దయ్యము పట్టెనని, భూతము మింగెనని అనుకొనుట వట్టిది. దీపము దించి చూడవలెనన్న పెద్దల మాటకు శాస్త్రాధారమిదియే. దీపము ఆరెనా, అది మృత్యువు హెచ్చరికయే. వెలిగినంత మాత్రమునను నిర్భయము గాదు. ముందు చాలసేపు గాలి ఆడనిచ్చి, నడుమునకు త్రాడు కట్టి, పైన మనుష్యులుండగా గాని దిగరాదు.

దాగిన వేడిమి

రాతిలో దాగిన గాలిని కనుగొనినవాడు నీటిలో దాగిన వేడిమిని కూడ కనుగొనెను. మంచుగడ్డ కరగుచున్నంతసేపు ఎంత వేడి తగిలినను ఉష్ణమాపకము పైకి కదలదు. ఆ వేడి యేమగుచున్నది? కరగుటకు అది లోన వినియోగమగుచున్నదని, దానిని కొలువవచ్చునని 1761 ప్రాంతమున బ్లాకు నిరూపించెను. దీనికి గుప్తోష్ణమని పేరు. మంచును కరగించుటకు పట్టు వేడి, అంతే బరువుగల నీటిని సుమారు 80 సెంటిగ్రేడు డిగ్రీలు వేడిచేయ చాలునని నేటి లెక్క. బ్లాకు చెప్పిన సంఖ్య దీనికి మిక్కిలి చేరువ. నీరు ఆవిరియగునప్పుడును ఇట్లే వేడిమి దాగునని ఆయన చూపెను.

ఆ విశ్వవిద్యాలయమునందే పరికరములు బాగుచేయుచు జీవించు జేమ్సు వాట్ అను యువకుడు బ్లాకునకు స్నేహితుడయ్యెను. ఆవిరియంత్రపు నమూనాను మరమ్మతు చేయుచు, ఆవిరిలో అంత వేడి ఏల యున్నదో వాట్ అడుగగా బ్లాకు గుప్తోష్ణమును విశదపరచెను. ప్రయోగములకు ధనమును అప్పుగా ఇచ్చి ఆదుకొనెను. 1765లో వాట్ వేరు శీతలపాత్రను కల్పించి, 1769లో దానికి హక్కుపత్రము పొందెను. ఆ యంత్రమే లోకపు నడకను మార్చినది.

విధి విచిత్రము! ఆ యంత్రములును, తరువాతి యంత్రములును కాల్చిన బొగ్గు, నూనెలనుండి వెలువడినది బ్లాకు కనుగొనిన ఆ బద్ధవాయువే. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళుండిన ఆ వాయువు నేడు 420 పాళ్ళు దాటినది. అందువలన భూమి వేడెక్కుచున్నదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఒక సుద్దగడ్డపై ఆయన మొదలిడిన గాలిపద్దును ఇప్పుడు భూమండలమంతటికిని వ్రాయవలసివచ్చినది.

ఆచార్యత్వము - శీలము

1766లో బ్లాకు ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. జీవితాంతము అచ్చటనే యుండెను. ఆయన పాఠము వినుటకు దూరదేశములనుండి విద్యార్థులు వచ్చిరి. ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ద్రవము పోయునప్పుడు బొట్టయిన జారెడిది కాదట. శిష్యులలో నొకడగు డేనియల్ రూథర్‌ఫర్డు 1772లో నత్రజనిని వేరుచేసి చూపెను. ఫ్రాన్సు దేశపు మహాశాస్త్రజ్ఞుడు లవోయిజియే బొగ్గును ప్రాణవాయువును చేరి బద్ధవాయువగునని తేల్చి, బ్లాకును గురువువలె గౌరవించి లేఖలు వ్రాసెను. వయసు మీరియు బ్లాకు ఆ నూతన సిద్ధాంతమును అంగీకరించెను.

తత్త్వవేత్త డేవిడ్ హ్యూము, అర్థశాస్త్రజ్ఞుడు ఆడమ్ స్మిత్, భూశాస్త్రజ్ఞుడు జేమ్సు హట్టన్ ఆయనకు ఆప్తమిత్రులు. 1776లో హ్యూము మరణశయ్యపై నున్నప్పుడు చూచిన వైద్యుడు బ్లాకే. 1790లో స్మిత్ మరణింపగా, అతని వ్రాతలకు ధర్మకర్తలుగా నిలిచినవారు బ్లాకును, హట్టనును. ఆయన వివాహము చేసికొనలేదు. శరీరము దుర్బలమగుటచే ఆహారవిహారములలో మిక్కిలి నియమముగా నుండెను. విద్యార్థులు ఫీజుగా తెచ్చు బంగారునాణెములను త్రాసులో తూచి పుచ్చుకొనెడివాడని ప్రతీతి. లోభియని కొందరు గొణిగిరి. అరిగిన నాణెమును నిండు నాణెముగా చెల్లనిచ్చుట ఆయన లెక్కలో సత్యము గాదు.

వ్రాయని లోపము

ఇంతటివానికిని ఒక లోపము కలదు. 1756లో సున్నముపై వ్రాసిన వ్యాసము తరువాత ఆయన కలము ఇంచుమించు ఆగిపోయెను. గుప్తోష్ణమును ఏటేట తరగతిలో బోధించెను గాని గ్రంథముగా ప్రకటింపలేదు. అనారోగ్యమును, తప్పు దొరలునేమోయను భయమును, ప్రసిద్ధియందు అనాసక్తియు కారణములు. 1772లో స్వీడను దేశపు విల్కే అను శాస్త్రజ్ఞుడు తానుగా కనుగొనిన మంచు వేడిమిని గూర్చి అచ్చువేసెను. బ్లాకు సిద్ధాంతము మాత్రము శిష్యుల వ్రాతపుస్తకములలో చేతినుండి చేతికి మారుచుండెను. నోట పలికినది విన్నవారి చెవులలో నుండును, విన్నవారితోడనే పోవును.

1799వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన, డెబ్బదియొకటవ యేట, బ్లాకు తన మితాహారముతో కూర్చుండియుండెను. రొట్టె, ఎండుపండ్లు, కొలిచిన పాలు, అంతే. పాలగిన్నె మోకాళ్ళపై నిలిపి పట్టుకొనియుండగనే ప్రాణము పోయెను. గిన్నె ఒరుగలేదు, పాలు ఒలుకలేదు. నిద్రించుచున్నాడనుకొని సేవకుడు మొదట గుర్తింపనైన లేదు. ఎడింబరోలోని గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

ఆయన పూర్వశిష్యుడును మిత్రుడును అగు జాన్ రాబిసన్, చెదరియున్న ఉపన్యాసపు కాగితములను కూర్చి, శ్రమించి, 1803లో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ మిత్రుని శ్రమయే లేకున్న బ్లాకు బోధలో ఎంతభాగము శిథిలమైపోయెడిదో! మహాత్ముల జ్ఞానము లోకమునకు దక్కుటకు కనుగొనువాడొకడు చాలడు. వ్రాయువాడు, అచ్చొత్తువాడు, భద్రపరచువాడు, చదువువాడు, అందరును కావలెను.

తెనుగునాట ఆ భారమును గ్రంథాలయోద్యమము వహించినది. 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి, శాస్త్రవిషయములను తెనుగున గ్రంథములుగా వెలువరించెను. పల్లెలోని పుస్తకపు అలమర ఆ వరుసలోనిదే. అందలి ఒక పుస్తకమును తెరచిన బాలుడు, రేపు పండుగకు వెల్ల తొట్టి ముందు నిలిచి, తేటపై కట్టిన పొరను వ్రేలితో త్రోయక ఒక నిమేషము చూచునేని, ఒక గొట్టముతో ఆ తేటలోనికి ఊపిరి ఊది పాలవలె మారుటను కనుగొనునేని, జోసెఫ్ బ్లాకునకు అంతకు మించిన స్మారకము లేదు.